పొట్టి చేతుల ఛాంపియన్: రాకీ మార్సియానో



మన నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, మళ్ళీ 2023లో ఢిల్లీలో ప్రపంచ ఛాంపియన్ అయినప్పటి నుంచి క్లాసులో పిల్లలు బాక్సింగ్ మీద ప్రశ్నలు వేస్తూనే ఉన్నారు. బాక్సర్ గట్టివాడు కావాలంటే ఎంత ఎత్తు ఉండాలి? కండలు ఎంత ఉండాలి? ముక్కు మీద గుద్దితే వాళ్ళకి నొప్పి పుట్టదా? ఏడో తరగతి పిల్లలకి ఇంతకంటే ముఖ్యమైన విషయం ఉండదు కదా! వాళ్ళకి జవాబుగా ఒక మనిషి కథ చెప్పాను. అదే కథని, పిల్లలకి చెప్పకుండా వదిలేసిన భాగాలు కూడా కలిపి, ఈ నెల మీకోసం రాస్తున్నాను.

రాకీ అనగానే మీలో చాలామందికి హాలీవుడ్ సినిమా గుర్తొస్తుంది. ఆ సినిమా హీరో కల్పిత పాత్ర. కానీ హీరో గది గోడ మీద ఒక బాక్సర్ ఫొటో కనిపిస్తుంది చూడండి, ఆ ఫొటోలోని మనిషి నిజం. పేరు రాకీ మార్సియానో. 1952 నుంచి 1956 వరకు ప్రపంచ హెవీవెయిట్ ఛాంపియన్. ప్రొఫెషనల్‌గా 49 ఫైట్లు ఆడాడు, 49 గెలిచాడు. అందులో 43 నాకౌట్లు. ఒక్క ఓటమి లేదు, ఒక్క డ్రా కూడా లేదు. ఓటమి ఎరగకుండా రిటైరైన హెవీవెయిట్ ఛాంపియన్ల మాట వస్తే ఈ రోజుకీ మొదట చెప్పే పేరు ఇదే.

ఇంత చెప్పాక మీరు ఆరున్నర అడుగుల మనిషిని ఊహించుకుంటారు. రాకీ ఎత్తు ఐదడుగుల పది అంగుళాలు. బరువు 84 కిలోల దగ్గర. రెండు చేతులూ బార్లా చాపితే ఈ కొస నుంచి ఆ కొసకి 68 అంగుళాలు. అప్పటికి ఛాంపియన్‌గా పేరు మోసిన జో లూయిస్‌కి ఇదే కొలత 76 అంగుళాలు, తర్వాత వచ్చిన మహమ్మద్ అలీకి 78. హెవీవెయిట్ ఛాంపియన్లందరిలో పొట్టి చేతులు రాకీవే. మామిడికాయ అందాలంటే పొట్టివాడు కొమ్మ కిందికి వెళ్ళి నిలబడాలి. రింగ్‌లో అయితే ఆ కొమ్మ ఊరుకోదు, దగ్గరికి వచ్చేలోపు నాలుగు గుద్దులు గుద్దుతుంది. ఆ నాలుగూ తిని దగ్గరికి వెళితేనే తన గుద్దు అందుతుంది. రాకీ బాక్సింగ్ అంతా ఈ ఒక్క లెక్క మీద నడిచింది.

బూట్ల ఊరు

రాకీ 1923 సెప్టెంబర్ 1న అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం, బ్రాక్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. బోస్టన్‌కి దక్షిణంగా ఉంటుంది. బూట్ల ఫ్యాక్టరీలకి పేరున్న ఊరు. తల్లిదండ్రులు ఇటలీ నుంచి వలస వచ్చినవాళ్ళు. అసలు పేరు రోకో ఫ్రాన్సిస్ మార్కెజానో. తండ్రి పియెరినో మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా తరఫున పోరాడి, గాయాలతో తిరిగొచ్చి, బూట్ల ఫ్యాక్టరీలో మెషిన్ మీద పని చేసేవాడు. తల్లి పాస్కలీనా. ఆరుగురు పిల్లల్లో రాకీ పెద్దవాడు. ఏడాదిన్నర వయసులో న్యుమోనియా వచ్చి ప్రాణం మీదికి తెచ్చింది, బతుకుతాడో లేదో అన్నారు. తర్వాత రోజుల్లో అందరికంటే గట్టివాడని పేరు తెచ్చుకున్నవాడి బాల్యం ఇలా మొదలైంది.

పిల్లవాడికి బాక్సింగ్ మీద ఆశేమీ లేదు. బేస్‌బాల్ పిచ్చి. ఇంటికి ఎదురుగానే ఆటస్థలం. పెరట్లో చెట్టుకి పోస్టాఫీసు ఉత్తరాల సంచి ఒకటి నింపి వేలాడదీసి గుద్దేవాడు, సొంతంగా తయారుచేసుకున్న బరువులు ఎత్తేవాడు. కానీ కల మాత్రం బేస్‌బాలే. స్కూల్ టీమ్‌లో ఉంటూనే చర్చి వాళ్ళ టీమ్‌లో కూడా ఆడాడు. అది స్కూల్ రూల్‌కి విరుద్ధం. టీమ్ నుంచి తీసేశారు. పదో తరగతి తర్వాత చదువు మానేశాడు. ఒక టీచర్‌గా ఈ భాగం చదివినప్పుడల్లా నాకు కొంచెం ఇబ్బందిగానే ఉంటుంది. రూల్ తప్పని అనను. కానీ ఆ పిల్లవాణ్ణి స్కూల్లో పట్టి ఉంచుతున్న తాడు అదొక్కటే అయి ఉండొచ్చు, దాన్నే తెంచారు.

తర్వాత చేయని పని లేదు. గోతులు తవ్వాడు, బొగ్గు మోశాడు, ఐస్ దిమ్మలు ఇళ్ళకి చేరవేశాడు, రైలు పట్టాల పని చేశాడు. బూట్ల ఫ్యాక్టరీలో కూడా చేరాడు గానీ నిలవలేదు. తండ్రి ఏళ్ళ తరబడి ఆ మెషిన్ ముందు అరిగిపోవడం చూసినవాడు. ఆ జీవితం తనకి వద్దన్న పట్టుదల అక్కడే పుట్టింది. అది భయం కూడా, ఆ భయం సంగతి చివర్లో మళ్ళీ వస్తుంది.

1943లో సైన్యం పిలిచింది. బ్రిటన్‌లోని వేల్స్‌లో ఉండి, ఇంగ్లిష్ ఛానల్ దాటించి నార్మండీకి సామాన్లు చేరవేసే దళంలో పనిచేశాడు. యుద్ధం అయ్యాక సైన్యంలో ఉండగానే బాక్సింగ్ పోటీల్లో దిగాడు. 1946లో సైనిక దళాల అమెచ్యూర్ పోటీ గెలిచాడు. అయినా మనసు బేస్‌బాల్ మీదే! 1947లో షికాగో కబ్స్ జట్టు సెలక్షన్‌కి వెళ్ళాడు. మూడు వారాలు చూసి ఇంటికి పంపేశారు. బంతి దూరానికి సూటిగా విసరలేకపోయాడు. ఆ ఇల్లు మూసుకున్నాకే ఈ తలుపు తట్టాడు. పర్మనెంట్‌గా ప్రొఫెషనల్ బాక్సింగ్‌లోకి వచ్చేసరికి 1948 జూలై, దాదాపు పాతికేళ్ళు. చాలామంది బాక్సర్లు అప్పటికి సగం కెరీర్ పూర్తిచేసి ఉంటారు.

ఆ 49 విజయాల లెక్కలో అమెచ్యూర్ రోజుల ఓటములు ఉండవని కూడా చెప్పాలి. నాలుగుసార్లు ఓడాడు. 1948లో న్యూయార్క్ గోల్డెన్ గ్లోవ్స్ పోటీలో కోలీ వాలెస్ అనే అబ్బాయి చేతిలో ఓడిపోయాడు. ఈ వాలెస్ తర్వాత జో లూయిస్ జీవితం మీద తీసిన సినిమాలో జో లూయిస్ వేషం వేశాడు. పిల్లలకి ఈ ముక్క బాగా నచ్చింది.

చిన్న మనిషి, పెద్ద గురువు

రాకీకి చిన్ననాటి స్నేహితుడు ఆలీ కొలంబో. న్యూయార్క్‌లో ఆల్ వైల్ అనే మేనేజర్‌కి ఉత్తరం రాసింది అతనే. ఇద్దరూ న్యూయార్క్ వెళ్ళారు. వైల్ దగ్గర ఉండే ట్రైనర్ పేరు చార్లీ గోల్డ్‌మన్. పొట్టి మనిషి, గుండ్రని టోపీ, అణిగిపోయిన ముక్కు. ఒకప్పుడు తనూ వందల ఫైట్లు ఆడినవాడు.

గోల్డ్‌మన్ చూసిన రాకీ ఎలా ఉన్నాడంటే, కాళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియదు, చేతులు ఎక్కడ ఉంచుకోవాలో తెలియదు, వచ్చే దెబ్బలన్నీ మొహం మీదే పడుతున్నాయి. వయసా మీరింది, చేతులా పొట్టి. మామూలు కోచ్ అయితే అక్కడితో సరే బాబూ అని పంపేసేవాడు. కానీ ఆ తడబాటు మధ్యలో రాకీ కుడిచేయి ఒక్కసారి అవతలివాడికి తగిలింది, వాడు పడిపోయాడు. గోల్డ్‌మన్ ఆ ఒక్కటీ గమనించాడు.

ఇక్కడ గోల్డ్‌మన్ చేసిన పని నాకు చాలా ఇష్టం. పొట్టివాణ్ణి పొడుగువాడిలా ఆడించాలని చూడలేదు. ఇంకా పొట్టిగా చేశాడు! నడుము వంచి, మోకాళ్ళు వంచి, తల దాచుకుని కింది నుంచి దూరడం నేర్పాడు. పొడుగాటి ప్రత్యర్థి తనకంటే బాగా కిందున్న తలని కొట్టడానికి కిందికి వంగాలి, వంగినప్పుడు రాకీ గుద్దు దిగువ నుంచి పైకి వస్తుంది. కాళ్ళు మరీ ఎడంగా పడుతున్నాయని రెండు కాళ్ళకీ తాడు కట్టి ప్రాక్టీస్ చేయించేవాడని చెబుతారు. దేవుడిచ్చిన ఆ కుడిచేతి దెబ్బని మాత్రం ముట్టుకోలేదు. దానికి ముద్దుగా ఒక ఆడపిల్ల పేరు కూడా పెట్టుకున్నారు, సూజీ క్యూ అని.

పేరు సంగతి ఒకటి. రింగ్‌లో అనౌన్సర్‌కి మార్కెజానో అని పలకడం రాలేదు. మేనేజర్ రాకీ మాక్ అని మార్చమన్నాడు. ఇటలీ వాసన పూర్తిగా పోయే పేరు వద్దని రాకీ ఒప్పుకోలేదు. చివరికి మధ్యలో అక్షరాలు కొన్ని తీసేసి మార్సియానో అని ఖాయం చేశారు. అమెరికాలో ఉన్న మన తెలుగు కుటుంబాలకి ఈ ఇబ్బంది బాగా తెలుసు, ఇంటిపేరు పలకలేక టీచర్లు తడబడుతుంటే పిల్లలు సిగ్గుపడుతుంటారు.

మొదటి 16 ఫైట్లూ నాకౌట్లే. ఏదీ ఐదో రౌండ్ దాకా వెళ్ళలేదు. 

ఇక అతని ట్రైనింగ్. నిజానికి పిల్లలడిగిన ప్రశ్నకి సగం జవాబు ఇక్కడే ఉంది. ఫైట్ ఉన్నా లేకపోయినా రోజూ మైళ్ళకి మైళ్ళు పరిగెత్తేవాడు. 300 పౌండ్ల బరువున్న సంచిని, అంటే మన క్వింటా బియ్యం బస్తా మీద ఇంకో ముప్పై ఐదు కిలోలు, దాన్ని గుద్దేవాడు. ఈత కొలనులో నీళ్ళలో మునిగి నిలబడి చేతులు విసిరేవాడు. పెద్ద ఫైట్ ముందు నెలల తరబడి భార్యకి దూరంగా, కాట్‌స్కిల్ కొండల్లోని గ్రాసింజర్స్ అనే విడిది దగ్గర క్యాంపులో ఉండేవాడు. ఫైట్ దగ్గరపడేకొద్దీ ఉత్తరాలు చూడడం కూడా మానేసేవాడు. ఎంత గట్టి గడ్డం ఉన్నవాడైనా అలిసిపోతే ఒక్క దెబ్బకి పడతాడు. కాళ్ళు తేలిపోయాక, మెడ వాలిపోయాక దెబ్బని తట్టుకునే శక్తి ఉండదు. రాకీ పదమూడో రౌండ్‌లోనూ మొదటి రౌండ్‌లోలా ఉండేవాడు. చూసేవాళ్ళకి అది మొండితనంలా కనిపించేది. దానికి ఖర్చు మాత్రం ఎవరూ చూడని తెల్లవారుజాముల్లో, రోడ్డు మీద జరిగింది.

పిల్లలకి చెప్పని ఫైట్

1949 డిసెంబర్ 30. న్యూయార్క్ మాడిసన్ స్క్వేర్ గార్డెన్. ఎదురుగా కార్మైన్ వింగో, 20 ఏళ్ళ కుర్రాడు, పొడుగైనవాడు, ధైర్యవంతుడు. ఇద్దరూ వెనక్కి తగ్గలేదు. ఆరో రౌండ్‌లో రాకీ దెబ్బకి వింగో పడిపోయాడు, మళ్ళీ స్పృహలోకి రాలేదు. మెదడులో రక్తస్రావం. ఆస్పత్రిలో చావుబతుకుల మధ్య ఉన్నాడు. చర్చి గురువు వచ్చి చివరి ప్రార్థనలు కూడా చేశాడు.

రాకీ ఆస్పత్రి వదిలి వెళ్ళలేకపోయాడు. బాక్సింగ్ మానేద్దామనుకున్నాడు. వింగో బతికాడు, కానీ శరీరం ఒక పక్క పూర్తిగా స్వాధీనంలోకి రాలేదు, మళ్ళీ గ్లోవ్స్ తొడగలేదు. ఆస్పత్రి ఖర్చులకి రాకీ డబ్బు ఇచ్చాడు. మరుసటి ఏడాది చివర బార్బరా కజిన్స్‌తో రాకీ పెళ్ళయినప్పుడు అతిథుల్లో వింగో ఒకడు.

ఈ భాగం పిల్లలకి ఎందుకు చెప్పలేదంటే, కథ అక్కడ ఆగిపోయేది. గట్టిగా కొట్టగలగడం గొప్ప అని చెబుతూ చెబుతూ, ఆ గట్టిదెబ్బ తిన్న ఇరవయ్యేళ్ళ కుర్రాడి సంగతి చెబితే వాళ్ళు అడిగే తర్వాతి ప్రశ్నకి నా దగ్గర జవాబు లేదు. రాకీ ఆ తర్వాత ఆరేళ్ళు ఆడాడు, అదే కుడిచేత్తో. ఆ రాత్రి గురించి అతని మనసులో ఏముందో మనకి తెలిసే దారి లేదు. మూడు నెలల్లోనే తర్వాతి పెద్ద ఫైట్‌కి దిగాడు, రోలండ్ లస్టార్జాతో. జడ్జీలు ఒకటికి ఒకటి చెప్పలేనంత దగ్గరగా నడిచి, అతికష్టం మీద గెలిచాడు.

ఇలాంటిదే ఇంకొకటి, దీన్ని మాత్రం పిల్లలకి చెప్పాను. 1951 అక్టోబర్ 26న జో లూయిస్‌తో ఫైట్. రాకీ తరం కుర్రాళ్ళందరికీ జో లూయిస్ దేవుడు. పన్నెండేళ్ళు ఛాంపియన్‌గా ఉన్నవాడు. అప్పటికి 37 ఏళ్ళు, ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను బాకీలు తీర్చలేక మళ్ళీ రింగ్‌లోకి వచ్చాడు. ఎనిమిదో రౌండ్‌లో రాకీ అతన్ని తాళ్ళ మధ్య నుంచి రింగ్ బయటికి పడేలా కొట్టాడు. ఫైట్ అయిపోయింది. తర్వాత రాకీ జో లూయిస్ గదికి వెళ్ళి ఏడ్చాడు.

మొన్నటి పేరెంట్స్ మీటింగ్‌లో ఒక నాన్నగారు నాతో అన్న మాట ఇక్కడ గుర్తొస్తోంది. తమ అబ్బాయి చిన్నదానికీ కళ్ళనీళ్ళు పెట్టుకుంటాడని, బాక్సింగ్‌లో చేర్పిస్తే గట్టిపడతాడేమోనని అడిగారు. బాక్సింగ్ క్లాస్ సంగతి నేను చెప్పలేను సార్, అది కోచ్‌నీ డాక్టర్‌నీ అడగాల్సిన విషయం, తల మీద పడే దెబ్బల గురించి అయితే తప్పకుండా అడగండి. కానీ ఏడుపు పోగొట్టడానికని మాత్రం చేర్పించకండి. ఆ రాత్రి న్యూయార్క్‌లో అందరికంటే గట్టివాడు గెలిచి కూడా ఏడ్చాడు.

పదమూడో రౌండ్

1952 సెప్టెంబర్ 23, ఫిలడెల్ఫియా. స్టేడియంలో 40 వేల మంది. ఛాంపియన్ జెర్సీ జో వాల్కాట్ వయసు 38, అయినా రింగ్‌లో అతని అంత తెలివైనవాడు అప్పుడు లేడు. మొదటి రౌండ్‌లోనే వాల్కాట్ ఎడమచేతి హుక్‌కి రాకీ కింద పడ్డాడు. జీవితంలో మొదటిసారి పడడం అదే. కింద పడిన బాక్సర్ పది అంకెలు లెక్కపెట్టేలోపు లేవాలి. తెలివైనవాడు ఎనిమిది దాకా ఆగి ఊపిరి పీల్చుకుంటాడు. రాకీకి అది కూడా తెలియదు, వెంటనే లేచేశాడు.

తర్వాత గంట సేపు వాల్కాట్ పాఠం చెప్పాడనే అనాలి. మధ్య రౌండ్లలో రాకీ కళ్ళలో ఏదో మంట మందు పడి చూపు మసకబారింది, అది ఎక్కడి నుంచి వచ్చిందన్నది ఇప్పటికీ తేలని గొడవ. కనుబొమల దగ్గర, తల మీద గాయాలు. కళ్ళు సరిగ్గా కనపడకపోయినా రాకీ ముందుకే నడిచాడు. 12 రౌండ్లు అయ్యేసరికి ముగ్గురు జడ్జీల కార్డుల మీదా వాల్కాటే ముందున్నాడు. ఇక మిగిలింది మూడు రౌండ్లు. నాకౌట్ చేస్తే తప్ప రాకీకి దారి లేదు.

పదమూడో రౌండ్ మొదలైన 43వ సెకండుకి అయిపోయింది. వాల్కాట్ తాళ్ళకి ఆనుకున్నాడు, ఇద్దరూ ఒకేసారి కుడిచేయి లేపారు. రాకీ చేయి ముందు చేరింది. పొట్టి చేయి కదా, తిరగాల్సిన దూరం తక్కువ! అడుగు దూరం కూడా ప్రయాణించలేదు ఆ దెబ్బ. వాల్కాట్ ఎడమచేయి తాడుకి చిక్కుకుని, మోకాళ్ళ మీద జారి, తల నేలకి ఆనించి ఉండిపోయాడు. ఆ క్షణం ఫొటో బాక్సింగ్ చరిత్రలో అందరూ చూసినదే.

ఆ తర్వాత ఆరుసార్లు టైటిల్ నిలబెట్టుకున్నాడు. వాల్కాట్‌తో రెండో ఫైట్ ఒక్క రౌండ్‌లో ముగిసింది. లస్టార్జా మళ్ళీ వచ్చాడు, తల కాచుకోవడానికి చేతులు అడ్డం పెట్టాడు. రాకీ ఆ చేతుల్నే గుద్దాడు, రౌండ్ తర్వాత రౌండ్. చేతులు లేపలేని స్థితి వచ్చాక పదకొండో రౌండ్‌లో రిఫరీ ఆపేశాడు.

1954లో ఎజర్డ్ చార్లెస్‌తో రెండు ఫైట్లు జరిగాయి, రెండూ న్యూయార్క్ యాంకీ స్టేడియంలోనే. జూన్‌లో జరిగినది 15 రౌండ్లూ నడిచింది. రాకీ ఎదురుగా 15 రౌండ్లు నిలబడ్డ మనిషి చార్లెస్ ఒక్కడే, అందుకని గట్టివాళ్ళ జాబితా రాస్తే ఓడిన చార్లెస్ పేరు కూడా రాయాలని నా అభిప్రాయం. మూడు నెలల తర్వాత సెప్టెంబర్‌లో మళ్ళీ తలపడ్డారు. ఆరో రౌండ్‌లో రాకీ ముక్కు చివర నిలువుగా చీలిపోయింది. రక్తం ఆగడం లేదు. కార్నర్‌లో ఎంత అదిమినా కట్టలేకపోయారు. ఇంకొక్క రౌండ్ అలాగే సాగితే డాక్టర్ ఫైట్ ఆపేస్తాడు, టైటిల్ చార్లెస్‌కి పోతుంది. రాకీ తన ముక్కుని కాపాడుకోవడానికి వెనక్కి వెళ్ళలేదు. ఎనిమిదో రౌండ్‌లో చార్లెస్‌ని నాకౌట్ చేసి, తర్వాత కుట్లు వేయించుకున్నాడు.

చివరి ఫైట్ 1955 సెప్టెంబర్ 21న, ఆర్చీ మూర్‌తో. 61 వేలకి పైగా జనం వచ్చారు. రెండో రౌండ్‌లో రాకీ కింద పడ్డాడు, లేచాడు, తొమ్మిదో రౌండ్‌లో గెలిచాడు. పడడం అతనికి జీవితంలో అది రెండోసారి, ఆఖరుసారి.

తల్లి పాస్కలీనాకి మొదటి నుంచీ ఈ ఆట ఇష్టం లేదు. కొడుకు ఫైట్లకి వెళ్ళేది కాదు. కొడుకు ప్రపంచ ఛాంపియన్ అని ఊరంతా ఊరేగిస్తుంటే ఆమె చూసుకున్నది మొహం మీద ఎన్ని కుట్లు పడ్డాయనే.

గ్లోవ్స్ విప్పాక

1956 ఏప్రిల్ 27న, 32 ఏళ్ళకే రిటైర్మెంట్ ప్రకటించాడు. నడుం నొప్పి, భార్యకీ చిన్నకూతురు మేరీ ఆన్‌కీ దూరంగా గడిపిన ఏళ్ళు, సంపాదనలో సగం తీసుకుంటున్న మేనేజర్ మీద అసంతృప్తి, అన్నీ కలిశాయి. 1959లో ఒకసారి మళ్ళీ వద్దామని రహస్యంగా ట్రైనింగ్ మొదలుపెట్టి, ఒక నెల చూసి మానేశాడు. ఎందరో గొప్ప బాక్సర్లకి చేతకాని పని అది. జో లూయిస్ ఆగలేకపోయాడు, తర్వాత అలీ ఆగలేకపోయాడు, ఇద్దరూ దానికి ఆరోగ్యంతో మూల్యం కట్టారు. రింగ్‌లో వెనకడుగు వేయని రాకీ రింగ్ నుంచి మాత్రం సరైన సమయానికి వెనకడుగు వేశాడు. నన్నడిగితే 49 విజయాల కంటే అదే కష్టమైనది.

కానీ కుటుంబం కోసమని ఆట మానినవాడు ఇంటి పట్టున ఉన్నాడా అంటే, లేదు. ఊరూరూ తిరిగేవాడు. ప్రారంభోత్సవాలు, ప్రసంగాలు, వ్యాపారాలు. బూట్ల ఫ్యాక్టరీ భయం చెప్పాను కదా, పేదరికంలోకి జారిపోతానేమోనన్న ఆ భయం కోటీశ్వరుడయ్యాక కూడా పోలేదు. బ్యాంకుల మీద నమ్మకం లేదు. చెక్కు ఇస్తే తీసుకునేవాడు కాదు, నగదే కావాలి. ఆ నగదు ఎక్కడెక్కడో దాచేవాడు, ఎవరికీ చెప్పేవాడు కాదు. వీలునామా రాయలేదు. చనిపోయాక ఆ డబ్బు కోసం ఇంటివాళ్ళు ఎంత వెతికినా చాలావరకు దొరకలేదు.

1969 ఆగస్ట్ 31 రాత్రి. మర్నాడు 46వ పుట్టినరోజు. ఫ్లోరిడాలో ఇంటి దగ్గర భార్య ఎదురుచూస్తోంది. 1968లో దత్తత తీసుకున్న పసివాడు రోకో కెవిన్ కూడా ఇంట్లో ఉన్నాడు. రాకీ మాత్రం షికాగో నుంచి డెమోయిన్ నగరానికి చిన్న సెస్నా విమానంలో బయలుదేరాడు, ఒక కార్యక్రమానికి. వాతావరణం బాగాలేదు. పైలట్‌కి చీకట్లో, మబ్బుల్లో నడిపే అనుభవం చాలదు. అయోవా రాష్ట్రంలో న్యూటన్ అనే ఊరి దగ్గర పొలంలో ఒక చెట్టుని ఢీకొని విమానం కూలింది. లోపలున్న ముగ్గురూ చనిపోయారు. బార్బరా ఆ తర్వాత ఐదేళ్ళే బతికింది. ఆమె పోయినప్పుడు ఆమె వయసూ 46.

ఆ ఏడాదే, చనిపోవడానికి కొన్ని వారాల ముందు రాకీ ఒక వింత సినిమాలో నటించాడు. మహమ్మద్ అలీతో ఫైట్! అప్పటికి అలీ సైన్యంలో చేరనన్నందుకు బాక్సింగ్ నుంచి నిషేధంలో ఉన్నాడు. ఇద్దరి రికార్డులూ కంప్యూటర్‌కి ఎక్కించి ఎవరు గెలుస్తారో లెక్క వేయించి, దానికి తగ్గట్టు షూటింగ్ చేశారు. రాకీ ఎంతో బరువు తగ్గించుకుని, బట్టతల మీద విగ్గు పెట్టుకుని వచ్చాడు. ఎన్నో రకాల ముగింపులు తీసి పెట్టారు, ఏది వాడతారో ఇద్దరికీ చెప్పలేదు. 1970 జనవరిలో థియేటర్లలో వేశారు. పదమూడో రౌండ్‌లో రాకీ నాకౌట్‌తో గెలిచినట్టు చూపించారు. అది చూడడానికి రాకీ లేడు.

బ్రాక్టన్ హైస్కూల్‌లో, అంటే రాకీ పదో తరగతితో వదిలేసిన ఆ స్కూల్లోనే, ఇప్పుడు స్టేడియానికి అతని పేరు పెట్టారు. ఆ స్కూల్ జట్లన్నిటినీ బాక్సర్స్ అని పిలుస్తారు. వాల్కాట్‌ని గెలిచి సరిగ్గా 60 ఏళ్ళు నిండిన రోజున, 2012 సెప్టెంబర్ 23న, అక్కడ 20 అడుగులకి పైగా ఎత్తున్న కంచు విగ్రహం నిలబెట్టారు. పదమూడో రౌండ్‌లో విసిరిన ఆ కుడిచేతి దెబ్బ భంగిమలోనే ఉంటుంది.